జన్యు పరిశోధనలో అందరికీ చోటు: రక్తం తీసే ముందు నుంచి డేటా పంచేదాకా ఏ వరుసలో ఏం చేయాలి

"ట్రైబల్ శాంపిల్స్ ఎక్కడ దొరుకుతాయండీ?" అని ఈ మధ్య నన్ను చాలామందే అడిగారు. అడిగేది పీజీ చేస్తున్న డాక్టర్లు, పీహెచ్‌డీ పిల్లలు, ఊళ్ళల్లో హెల్త్ క్యాంపులు పెట్టే ఎన్జీఓ వాళ్ళు. మంచి ఉద్దేశంతోనే అడుగుతున్నారు, జన్యు పరిశోధనలో అన్ని వర్గాలవాళ్ళూ ఉండాలని గైడ్ చెప్పారు, ఫండింగ్ ఇచ్చేవాళ్ళూ అడుగుతున్నారు. కానీ ఆ ప్రశ్న దగ్గరే పని దారి తప్పుతుంది. ఒక మనిషి మనల్ని నమ్మి చెయ్యి చాపితే వచ్చేది శాంపిల్. ఆ నమ్మకం ఏ వరుసలో పని చేస్తే నిలబడుతుందో నాకు ఫీల్డ్‌లో తెలిసినంత ఇక్కడ రాస్తున్నా.

ప్రెసిషన్ మెడిసిన్ అంటే మనిషి జీన్స్, తిండి, పని, చుట్టూ ఉన్న పరిస్థితి అన్నీ చూసి మందూ డోసూ ఎంచుకోవడం. ఆ లెక్కలు ఎవరి డేటా మీద కడితే వాళ్ళకే బాగా సరిపోతాయి. మిగతావాళ్ళకి అదే టెస్ట్ తప్పు చెప్పొచ్చు.

## 1. మొదట చివరి పేజీ రాయండి

చాలా టీములు ప్రోటోకాల్‌తో (పరిశోధన ప్లాన్‌తో) మొదలుపెట్టి ఎథిక్స్ కమిటీ (పరిశోధన న్యాయంగా ఉందో లేదో చూసేది), ఫీల్డ్, ల్యాబ్, పేపర్ అన్నీ అయ్యాక "మరి వాళ్ళకేం చెప్దాం" అని ఆలోచిస్తాయి, అప్పటికి డబ్బులు అయిపోయి ఉంటాయి, ఊళ్ళో అందరికీ తెలిసిన ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఇంకో ఉద్యోగానికి వెళ్ళిపోయి ఉంటాడు. ఈ వరుస తిరగెయ్యండి. ఒక తెల్లకాగితం తీసుకుని, రక్తం ఇచ్చినవాళ్ళకి తిరిగి ఏం వస్తుంది, ఎన్ని నెలల్లో వస్తుంది, ఎవరు తీసుకెళ్ళి ఇస్తారు, దానికి బడ్జెట్‌లో ఎంత పెట్టారు అని రాయండి. రాయలేకపోతే ఇంకా ఫీల్డ్‌కి వెళ్ళే టైం రాలేదని అర్థం.

ఉదాహరణకి మన దగ్గరి విషయమే తీసుకుందాం. వైశ్యుల్లో కొంతమందికి బీసీహెచ్ఈ అనే జీన్‌లో ఒక మార్పు ఉంటుంది. ఆపరేషన్ ముందు కండరాలు వదులవ్వడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో ఒంట్లో విరిగిపోతుంది, అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా ఆ మార్పు వచ్చినవాళ్ళలో అలా విరగదు, ఆపరేషన్ అయిపోయినా గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. మత్తు డాక్టరుకి ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతటితో సమస్య పోతుంది.

ఇలాంటి పనిలో తిరిగిచ్చేది చాలా చిన్నది. పర్సులో పట్టే ఒక కార్డు, "నాకు ఈ మందు ఇవ్వొద్దు" అని తెలుగులో, ఇంగ్లిష్‌లో. ఇంకా ఆ జిల్లాలోని మత్తు డాక్టర్లందరికీ ఒక పేజీ నోట్. సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ చదవడం) ఖర్చు ముందు ఇది లెక్కలోకే రాదు, అయినా ముందు రాసుకోకపోతే ఎవరూ చెయ్యరు.

ఆ కాగితం మీద ఉండాల్సినవి:

- అక్కడికక్కడే ఇచ్చే రిపోర్టులు (బీపీ, షుగర్, హిమోగ్లోబిన్)
- తర్వాత ఇచ్చే జన్యు రిజల్ట్ ఏది, ఏది ఇవ్వం
- రిజల్ట్‌లో తేడా వస్తే పంపే ఆస్పత్రి, అక్కడ మాట్లాడి పెట్టుకున్న డాక్టరు
- ఊరికి తిరిగి వెళ్ళే నెల, దానికి బండి ఖర్చు
- ప్రాజెక్ట్ ఆగిపోతే ఈ పని ఎవరు పూర్తిచేస్తారు

## 2. ఎవరు లేరో లెక్క తీయండి

"డైవర్సిటీ" అని రాసేస్తే సరిపోదు. ఇప్పటికే ఉన్న డేటాలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని పేరు పేరునా చూడాలి.

ప్రపంచం మొత్తమ్మీద జబ్బులకీ జీన్స్‌కీ లింకు వెతికిన స్టడీల్లో పాల్గొన్నవాళ్ళలో సుమారు 79 శాతం యూరప్ మూలాలవాళ్ళే అని 2019లో లెక్క తేల్చారు. మన విషయానికొస్తే ఇంకా చూడాల్సింది ఉంది. 2015లో పూర్తైన వెయ్యి జీనోముల ప్రాజెక్టులో (జీనోమ్ అంటే ఒక మనిషి జన్యు సమాచారం మొత్తం) 26 సమూహాల నుంచి 2,504 మంది ఉన్నారు, అందులో తెలుగువాళ్ళు 102 మంది. ప్రపంచంలో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని "తెలుగు" అని వాడేది ఎక్కువగా ఆ డేటానే. ఆ 102 మందీ బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు. వాళ్ళ సాయం గొప్పదే, కానీ చదువుకుని వీసా మీద వెళ్ళి స్థిరపడగలిగిన కుటుంబాలు ఎవరివో మనకి తెలుసు. సీతంపేట సవరలు, ఉట్నూరు గోండులు, అనంతపురం పల్లెల్లో కూలి చేసుకునే కుటుంబాలు అందులో ఉంటారని అనుకోలేం.

మన దేశంలోని సమూహాల జీనోములు చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు ఈ లోటు కొంత తగ్గించింది. 83 సమూహాల నుంచి దాదాపు 10 వేల మంది డేటా 2025 జనవరిలో ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ ద్వారా పరిశోధకులకి అందుబాటులోకి వచ్చింది. దేశంలో మాత్రం 4,600కి పైగా సమూహాలున్నాయి. ఇదేదో నంబర్ల కోసం చెప్పట్లేదు, మన దగ్గర పెళ్ళిళ్ళు తరతరాలుగా ఒకే కులంలో జరగడం వల్ల పక్కపక్క వీధుల్లో ఉండే రెండు సమూహాల్లో అరుదైన జన్యు మార్పులు పూర్తిగా వేరుగా ఉండొచ్చు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2017లో వేసిన పేపర్‌లో దక్షిణాసియాలోని 263 సమూహాలు చూస్తే 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగినవని తేలింది, అందులో 14 సమూహాలు ఒక్కోటి పది లక్షలు దాటిన జనాభా ఉన్నవి. అంటే "పెద్ద కులమే కదా, మనకేం ప్రత్యేకం" అనుకోవడానికి లేదు.

టెస్టుల్లో కూడా ఇదే కనిపిస్తుంది. ఒంట్లో రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే అజాథయోప్రిన్ మందు కొందరిలో తెల్లకణాలని ప్రమాదకరంగా తగ్గిస్తుంది. యూరప్ మూలాలవాళ్ళ డేటాతో వచ్చిన టెస్ట్ టీపీఎంటీ అనే జీన్ మీద కట్టింది. మనవాళ్ళలో ఎక్కువగా చూడాల్సింది ఎన్‌యూడీటీ15. మొదటిది ఒక్కటే చేసి "నార్మల్" అని రిపోర్ట్ ఇస్తే ఆ పేషెంటుకి తప్పుడు ధైర్యం ఇచ్చినట్టే.

ఎంతమంది కావాలి అని అందరూ అడుగుతారు. చిన్న లెక్క చెప్తా. ఒక సమూహంలో నూటికి ఒక క్రోమోజోమ్‌లో (జీన్స్ ఉండే దారం, ప్రతి మనిషికీ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి) ఉండే మార్పు మన శాంపిల్‌లో కనీసం ఒక్కసారైనా కనబడడానికి 95 శాతం అవకాశం కావాలంటే దగ్గరి చుట్టరికం లేని 150 మంది కావాలి. 25 మందితో సరిపెడితే ఆ అవకాశం 40 శాతం కూడా రాదు. కాబట్టి పది సమూహాల నుంచి పాతికేసి మందిని తెచ్చి "అందరూ ఉన్నారు" అనేకంటే, రెండు సమూహాలతో సరిగ్గా చెయ్యడం నయం అని నా అభిప్రాయం.

## 3. పర్మిషన్లు ఏ వరుసలో

ఇది త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే కాగితాల గురించి మీ ఆఫీసులో చెప్పేవాళ్ళుంటారు.

- ముందు రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ. 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు దగ్గర పెట్టుకుని రాయండి. కమిటీలో సైన్సుతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరుంటారు, మీ కన్సెంట్ (ఒప్పుకోలు) ఫారం మొదట చదవమని వాళ్ళనే అడగండి.
- విదేశీ ఫండింగో, విదేశీ భాగస్వామో ఉంటే ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. టైం పడుతుంది, ముందే పెట్టండి.
- ఏజెన్సీ ప్రాంతమైతే ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకి) లెటర్, తర్వాత గ్రామసభ. లెటర్ వచ్చింది కదా అని గ్రామసభ ఎగ్గొట్టొద్దు.
- ఊరంతా ఒప్పుకున్నా ఒక్కొక్క మనిషి విడిగా ఒప్పుకోవాలి. పెద్దమనిషి సంతకం ఇంకొకరి సంతకం కాదు.

## 4. సూది లేకుండా మూడుసార్లు వెళ్ళండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు మీద ఏళ్ళ తరబడి రకరకాల టీములు వచ్చి రక్తం, నీళ్ళు, మట్టి తీసుకెళ్ళాయి. కవిటి, కంచిలి వైపు ఎవరిని కదిపినా "మా రక్తం తీసుకెళ్ళారు, ఏం తేలిందో చెప్పలేదు" అన్న మాట వినబడడానికి ఎక్కువసేపు పట్టదు. మీరు వెళ్ళబోయే ఊరికి మీకన్నా ముందు ఎవరో వెళ్ళి ఉంటారు, వాళ్ళ బాకీ కూడా మీరే మోయాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు వినండి, అంతే. ఏ జబ్బుతో ఇబ్బంది పడుతున్నారు, ఆస్పత్రికి వెళ్ళాలంటే ఎంత ఖర్చవుతోంది, ఇదివరకు ఎవరొచ్చారు. రెండోసారి మీ ప్లాన్ చెప్పి, అందులో మార్చమన్నవి మార్చండి, మార్చలేనివి ఎందుకు మార్చలేరో మొహమాటం లేకుండా చెప్పండి. మూడోసారి మార్చిన ఫారాలు పట్టుకెళ్ళి చూపించండి.

ఆశా, ఏఎన్ఎం సాయం లేకుండా పని జరగదు, నిజమే. కానీ వాళ్ళు పిలిస్తే జనం వచ్చేది సర్కారు పని అనుకుని. అందుకే ఆ సమూహం నుంచే ఇద్దరు ముగ్గుర్ని, అందులో ఒక్కరైనా ఆడవాళ్ళని, జీతమిచ్చి టీములో పెట్టుకోండి. ఉట్టి వాలంటీర్లుగా వద్దు, వాళ్ళ పనికి విలువుందని జీతంతోనే తెలుస్తుంది.

ఏ రోజు వెళ్ళాలో కూడా వాళ్ళనే అడగండి. పత్తి తీసే రోజుల్లో, వరి కోతల్లో, ఎండాకాలం తునికాకు సీజన్లో వెళ్తే ఇంట్లో ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు, మీ డేటాలో పనికెళ్ళే వయసువాళ్ళు మాయమైపోతారు. సంతరోజూ అంతే. పోయిన కూలికి డబ్బులివ్వండి, ఎంతివ్వాలో ఎథిక్స్ కమిటీకి ముందే రాయండి, డబ్బు కోసమే రక్తం ఇచ్చేంత పెద్ద మొత్తం వద్దు.

## 5. కన్సెంట్, తొందరపడకూడని చోటు

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టులో హాస్టళ్ళలో ఉన్న ఆదివాసీ ఆడపిల్లల కన్సెంట్ ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్ట్ ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ విషయంలో గట్టిగా తప్పుపట్టింది. ఏ ఏజెన్సీ ఊళ్ళో పిల్లల పరిశోధన అని మొదలుపెట్టినా అమ్మానాన్నల్లో ఒకరైనా ఎదురుగా కూర్చుని విని ఒప్పుకోవాలి, పిల్లలకి కూడా వాళ్ళ వయసుకి తగ్గట్టు చెప్పాలి. హాస్టల్ దగ్గరుంది కదా, పని త్వరగా అవుతుంది కదా అని అటు వెళ్ళొద్దు.

ఇంకో తప్పు అమెరికాలో జరిగింది. హవాసుపాయి తెగవాళ్ళు 1990ల్లో షుగర్ జబ్బు పరిశోధన అని రక్తమిచ్చారు. తర్వాత అదే రక్తం మీద స్కిజోఫ్రీనియా గురించీ, వాళ్ళ పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారన్నదాని గురించీ కూడా పరిశోధన చేశారు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ బోర్డు 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చేసింది. "పరిశోధన కోసం" అని ఒక్క లైన్ రాసి ఒకే సంతకం తీసుకుంటే మన దగ్గరా ఇదే జరుగుతుంది.

అందుకని ఒకే సంతకం వద్దు. విడివిడిగా అడగండి, ఒక్కోదానికి అవును కాదు:

- ఈ జబ్బు పరిశోధనకి నా రక్తం వాడొచ్చు
- వేరే జబ్బుల పరిశోధనకీ వాడొచ్చు
- పేరు తీసేసి నా డేటా వేరే సంస్థలకి ఇవ్వొచ్చు
- విదేశాల్లోవాళ్ళకి ఇవ్వొచ్చు
- మందుల కంపెనీలకి ఇవ్వొచ్చు
- మా పూర్వీకుల గురించి పరిశోధనకి వాడొచ్చు
- నా ఆరోగ్యానికి సంబంధించిన విషయం తేలితే నాకు చెప్పాలి
- మళ్ళీ నన్ను కలవొచ్చు

ఫారం భాష సంగతి. "అనువంశిక ద్రవ్య విశ్లేషణ నిమిత్తము" అని రాస్తే నాకే అర్థం కాదు. నేను ఇలా చెప్తాను: "పిల్లాడికి మేనమామ పోలిక వచ్చింది అంటాం కదా, అలా ముక్కూ మొహమే కాదు, కొన్ని జబ్బులూ, కొన్ని మందులు పడకపోవడమూ ఇంట్లోంచే వస్తాయి. అది మీ రక్తంలో చూస్తాం." ఎవరూ తలగోక్కోలేదు. రక్తం ఎంత తీస్తామో ఖాళీ ట్యూబ్ చేతికిచ్చి చూపించండి, 5 ఎంఎల్ అంటే ఒక టీస్పూను. ఈ ట్యూబ్ చూపించడం మొదలుపెట్టాక "రక్తం అమ్ముకుంటారంట" అన్న పుకారు మా దగ్గర చాలావరకు తగ్గింది.

తెలుగు ఫారం ఒక్కటే సరిపోదు. కోయ, గోండి, సవర, కువి, లంబాడీ మాట్లాడేవాళ్ళకి వాళ్ళ భాషలో ఆడియో రికార్డు చేసి వినిపించండి, హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ కావాలి. చదవలేనివాళ్ళ దగ్గర టీముతో సంబంధం లేని సాక్షి ఉండాలి.

మా టీము అనుభవం ఒకటి చెప్తాను. ఒక ఊళ్ళో పంచాయతీ ఆఫీసులో బల్ల వేసుకున్నాం, ఎదురుగా స్టాంప్ ప్యాడ్, పక్కన రిజిస్టరు. ఒక పెద్దావిడ అంతా వింది, తలూపింది, వేలిముద్ర వేసింది, వేలికి అంటిన సిరా కొంగుకి తుడుచుకుంటూ "పింఛను ఎప్పుడొస్తది బిడ్డా?" అని అడిగింది. పొద్దున్నుంచి ఫారాలు పెట్టినవాళ్ళు 31 మంది. వాళ్ళందరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళి కనుక్కుంటే చాలామంది సర్కారు పథకం అనే అనుకున్నారు, ఎందుకంటే పిలిచినావిడ ఆధార్ కార్డు పట్టుకురమ్మని చెప్పింది. ఆ రోజు తీసుకున్న కన్సెంట్లన్నీ రద్దు చేశాం, తీసిన రక్తం వాడలేదు. మర్నాడు బల్ల అంగన్‌వాడీ బయట చెట్టు కిందికి మార్చాం, ఆధార్ అడగడం మానేశాం, మొదటి మాటే "ఇది పింఛనుకీ, రేషన్‌కీ, ఇంటి స్థలానికీ సంబంధం లేదు, ఇవ్వకపోయినా మీకేం ఆగదు" అని పెట్టుకున్నాం.

అప్పట్నుంచి సంతకం ముందు ఒక ప్రశ్న తప్పనిసరి చేశాం: "ఇంటికెళ్ళాక ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి ఏమని చెప్తారు?" వాళ్ళ మాటల్లో వాళ్ళు చెప్పాలి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ అయ్యిందనే అంటారు, పెద్ద చదువులవాళ్ళ మీద మర్యాదకి.

## 6. ప్రశ్నల ఫారంలో జాగ్రత్తలు

కులం, తెగ పేరు వాళ్ళు తమని తాము ఏమని పిలుచుకుంటారో అదే రాయండి. సర్టిఫికెట్‌లో పేరు వేరే గడిలో. సుగాలి, లంబాడీ, బంజారా మూడూ ఒకటే అని మీరు తేల్చేయొద్దు. ఉపకులం, మాతృభాష, తాతలూ అమ్మమ్మలూ నానమ్మలూ నలుగురి సొంతూళ్ళు, ఇవి లేకపోతే తర్వాత డేటా వాడేవాళ్ళకి ఏమీ తెలియదు. "సౌత్ ఏషియన్" అని ఒక్క గడి పెట్టి ఊరుకుంటే ఇంత కష్టం దేనికి?

మేనరికం గురించి నెమ్మదిగా అడగండి. "దగ్గరి సంబంధమా?" అంటే బంధువుల్లోనా అనుకుని అవుననేస్తారు. మేనమామనా, మేనత్త కొడుకునా, మేనమామ కొడుకునా, ఇంకో వరసా అని అడిగి కాగితం మీద వంశవృక్షం గీయండి. అడిగేటప్పుడు మొహంలో తప్పుబట్టినట్టు కనబడకూడదు.

ఇంకో రెండు విషయాలు చాలామంది మర్చిపోతారు. సికిల్ సెల్, రక్తహీనత ఎక్కువున్న ప్రాంతాల్లో షుగర్‌కి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్ట్) ఒక్కటే నమ్ముకోవద్దు, తప్పు చెప్పొచ్చు, పరగడుపు గ్లూకోజ్ కూడా చూడండి. బీఎంఐకి (ఎత్తుకి తగ్గ బరువు లెక్కకి) మనవాళ్ళ కటాఫ్‌లే వాడండి, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం, పాశ్చాత్యుల 25, 30 వాడితే రిస్క్ ఉన్నవాళ్ళు నార్మల్‌లో కలిసిపోతారు.

## 7. శాంపిల్ తీసే రోజు

పరగడుపు రక్తమైతే పొద్దున్నే అయిదున్నరకల్లా అక్కడుండాలి. ఎనిమిదికి వెళ్తే జనం పొలంలో ఉంటారు. రక్తం ఇచ్చినవాళ్ళకి వెంటనే టిఫిన్ పెట్టండి, ఖాళీ కడుపుతో పనికి పంపొద్దు.

- ఆడ ఫ్లెబోటమిస్ట్ (రక్తం తీసేవాళ్ళు) ఒకరు తప్పనిసరి
- డీఎన్‌ఏకి ఊదా మూత ఈడీటీఏ ట్యూబ్, గ్లూకోజ్‌కి బూడిదరంగు మూత ట్యూబ్
- పేరు బదులు కోడ్ ఉన్న బార్‌కోడ్ లేబుళ్ళు, చెమటకి ఊడిపోనివి
- బాక్సులో 2 నుంచి 8 డిగ్రీలు, ట్యూబులు ఐసుకి తగలకుండా మధ్యలో పేపరు, లేకపోతే రక్తకణాలు పగిలిపోతాయి
- తిరుగుప్రయాణంలో బాక్సు ఎండలో కారు డిక్కీలో పెట్టి భోజనానికి దిగొద్దు
- బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చీటీ అక్కడే చేతికి

## 8. డేటా పంచడం: మూడు బుట్టలు

"ఓపెన్‌గా పెట్టేస్తే అందరికీ సమానం" అనుకునేవాళ్ళున్నారు, "మన డేటా ఎవరికీ ఇవ్వం" అనేవాళ్ళున్నారు. మొదటి దానిలో రక్తమిచ్చినవాళ్ళకి రక్షణ ఉండదు, రెండో దానిలో వాళ్ళిచ్చిన రక్తం హార్డ్‌డిస్క్‌లో కుళ్ళిపోతుంది. మధ్యలో పని చెయ్యాలి.

మొదటి బుట్ట, అందరికీ తెరిచిపెట్టేది. ఒక్కో జన్యు మార్పు ఏ సమూహంలో ఎంత శాతం ఉందన్న మొత్తం లెక్కలు, ప్రశ్నల ఫారం, ప్రోటోకాల్, కోడ్. మనిషి మనిషికీ విడి లైను ఉండకూడదు. తోటి అనే తెగ లాంటి చాలా చిన్న సమూహాలకైతే ఈ లెక్కలు కూడా వాళ్ళ పెద్దలతో మాట్లాడాకే.

రెండో బుట్ట, అడిగి తీసుకునేది. ఒక్కొక్క మనిషి జీనోమ్, ఆరోగ్య వివరాలు. జీనోమ్ ఇండియా డేటా కూడా ఇలా దరఖాస్తు మీదే ఇస్తున్నారు. దరఖాస్తు చూసే కమిటీలో ఆ సమూహం మనిషికి ఓటు ఉండాలి, ఉట్టి కుర్చీ చాలదు. నెలలోపు జవాబివ్వాలని రూలు పెట్టుకోండి, నానబెడితే జిల్లా కాలేజీల్లో పనిచేసేవాళ్ళే విసిగి వదిలేస్తారు.

మూడో బుట్ట, ఎవరికీ ఇవ్వనిది. పేర్లు, ఫోన్లు, ఊరు, కోడ్‌కీ పేరుకీ లింకు కలిపే ఫైలు. ఆ ఫైలు వేరే కంప్యూటర్‌లో, ఇద్దరి దగ్గరే పాస్‌వర్డ్.

పేరు తీసేస్తే చాలనుకుంటారు. ఈ లైను చూడండి: "మగ, 87 ఏళ్ళు, ఫలానా ఊరు, షుగర్ వల్ల ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు, కవల సోదరుడున్నాడు." ఇందులో పేరు లేదు. ఆ మండలంలో టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా ఆయన ఎవరో చెప్పేస్తారు. అదే లైను "మగ, 75 పైన, ఫలానా జిల్లా, షుగర్ వల్ల అవయవం తొలగింపు" అని మారిస్తే పరిశోధనకి కావాల్సింది ఉంటుంది, ఆయన దొరకడు. ఊరి బదులు జిల్లా, వయసు బదులు అయిదేళ్ళ గుంపు, 75 దాటితే అందరూ ఒకటే గుంపు, తేదీలన్నీ ఒక్కో మనిషికి కొన్ని రోజులు జరపడం. ఒకే రకం వివరాలున్నవాళ్ళు పదిమంది కంటే తక్కువుంటే ఆ గడి ఖాళీగా వదిలేయండి.

ఇంత చేసినా జీనోమ్ దానికదే వేలిముద్ర లాంటిది. అందుకే ఫైలు పంపడం కంటే, డేటా ఉన్న చోటికే పరిశోధకులు లాగిన్ అయి పనిచేసే పద్ధతి మంచిది. అమెరికాలో 2018లో దేశమంతటా మొదలైన ఆల్ ఆఫ్ అస్ ప్రోగ్రాం అలాగే నడుస్తోంది, డేటా క్లౌడ్‌లోనే ఉంటుంది, ఒక్కొక్కరి వివరాలు డౌన్‌లోడ్ చేసుకోనివ్వరు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు నన్నడిగితే, అర్హత ఉంటే అందులో చేరమనే చెప్తాను, మనవాళ్ళు ఎక్కువమంది ఉంటేనే మనకి సంబంధించిన లెక్కలు బయటికొస్తాయి.

డేటా తీసుకునేవాళ్ళతో ఒప్పందంలో రాయాల్సినవి:

- మనుషుల్ని గుర్తుపట్టే ప్రయత్నం చెయ్యం
- కన్సెంట్‌లో "కాదు" అన్న పనికి ఆ మనిషి డేటా వాడం
- ఇంకొకరికి ఇవ్వం, పని అయ్యాక చెరిపేస్తాం
- ఫలితం ఒక పేజీ తెలుగులో తిరిగి పంపుతాం
- శాంపిల్స్ తెచ్చిన టీములో ఒకరికి ఎనాలిసిస్ నేర్పి, పనిలో కలుపుకుంటాం

ఆ చివరిది చాలామంది బేరమాడి తీసేయించాలని చూస్తారు, వదలొద్దు. మన దగ్గర రక్తం తీసేవాళ్ళు తీస్తూనే ఉండి, లెక్కలు కట్టేది ఎప్పుడూ ఇంకెక్కడో అయితే, పదేళ్ళ తర్వాత కూడా మనం శాంపిల్స్ పంపేవాళ్ళగానే మిగులుతాం.

కన్సెంట్‌లో విడివిడిగా అడిగిన అవును కాదులు డేటాతోపాటే కాలమ్స్‌గా వెళ్ళాలి. ఫారాలు బీరువాలో ఉండి, డేటాబేస్‌లో ఆ కాలమ్స్ లేకపోతే కన్సెంట్ అడగనట్టే. ఇక 2023 డేటా రక్షణ చట్టంలో పరిశోధనకి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ అవి ఆ మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికి డేటా వాడనప్పుడే. మీరు రిజల్ట్ తిరిగిచ్చే ప్లాన్‌లో ఉంటే ముందే లాయరుతో కూర్చోండి.

## 9. రిజల్ట్ ఎలా చెప్పాలి, ఎలా రాయాలి

రీసెర్చ్ ల్యాబ్ రిజల్ట్ నేరుగా పేషెంటుకి ఇవ్వొద్దు. కొత్తగా రక్తం తీసి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కన్‌ఫర్మ్ చేయించి, జెనెటిక్ కౌన్సెలింగ్ తెలిసినవాళ్ళతో చెప్పించండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ముందే మాట్లాడి పెట్టుకోండి.

అర్థం తేలని మార్పులు చెప్పొద్దు. డేటాలో తక్కువగా ఉన్న సమూహాలకే ఇవి ఎక్కువ వస్తాయి, పోల్చడానికి ఎవరూ లేరు కాబట్టి. తొందరపడితే ఏమవుతుందో ఎంవైబీపీసీ3 సంగతి చూడండి. గుండె కండరం జబ్బుకి సంబంధించి ఈ జీన్‌లో 25 డీఎన్‌ఏ అక్షరాలు లేకపోవడం భారతీయుల్లో 4 శాతం మందిలో ఉందని 2009లో తేలింది. 2020లో తిరిగి చూస్తే, అది ఉన్నవాళ్ళలో కొద్దిమందికి పక్కనే ఉన్న ఇంకో అరుదైన మార్పే అసలు రిస్క్‌కి కారణమని కనబడింది. మధ్యలో ఆ 4 శాతం మందికీ "మీకు గుండె జబ్బు వస్తుంది" అని కాగితం ఇచ్చి ఉంటే ఎన్ని ఇళ్ళల్లో నిద్ర పట్టేది కాదో.

తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి రక్తం చూసేటప్పుడు తండ్రి వేరని తేలే అవకాశం ఉంది. అది చెప్పబోమని కన్సెంట్ ఫారంలోనే రాయండి, ల్యాబ్ వాళ్ళకీ చెప్పండి.

పేపర్, ప్రెస్‌నోట్ రాసేటప్పుడు "ఫలానా కులంలో జన్యు లోపం" అన్న హెడ్డింగ్ పెళ్ళిసంబంధాలు చెడగొడుతుంది. "ఫలానా మందు ఇచ్చేముందు ఈ టెస్ట్ చేయాలి" అని రాయండి, విషయం అదే, ఎవరికీ మచ్చ పడదు. తెలుగు ప్రెస్‌నోట్ మీరే రాసివ్వండి, విలేకరికి ఇంగ్లిష్ పేపర్ ఇచ్చి వదిలేయొద్దు.

## 10. పని మధ్యలో వచ్చే చిక్కులు

మగవాళ్ళే వస్తున్నారు, లేదా ఆడవాళ్ళే వస్తున్నారు. టైం మార్చండి. సాయంత్రం ఒక షిఫ్ట్ పెట్టండి. లెక్క ప్రతిరోజూ రాత్రి చూసుకోండి, నెలాఖర్లో చూస్తే దిద్దుకోలేరు.

ఊళ్ళో అందరూ చుట్టాలే, చుట్టరికం లేని 150 మంది ఎలా? ఎక్కువ ఊళ్ళకి వెళ్ళండి, ఊరికి కొద్దిమంది చొప్పున. అయినా చుట్టరికాలుంటాయి, వంశవృక్షం ఉంటే ఎనాలిసిస్‌లో సర్దొచ్చు. వచ్చిన మనిషిని మాత్రం "మీ తమ్ముడిది తీశాం, మీది వద్దు" అని పంపేయకండి, బీపీ షుగర్ చూసి చీటీ ఇవ్వండి.

పెద్దమనుషులు ఒప్పుకున్నారు, ఆడవాళ్ళు భయపడుతున్నారు. డ్వాక్రా సంఘం మీటింగ్‌లో ఆడవాళ్ళతో విడిగా మాట్లాడండి, మగవాళ్ళు లేకుండా.

ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకుంటామంటున్నారు. ఎందుకని బతిమాలొద్దు. ఫోన్ చేసినా, మనిషితో చెప్పి పంపినా చాలు, ఆఫీసుకి రమ్మనొద్దు, ఆన్‌లైన్ ఫారం అనొద్దు. ఫోన్ ఇంట్లో అందరిదీ అయి ఉంటుంది కాబట్టి కోడ్ నంబరు కార్డు మీద రాసి మొదటిరోజే ఇచ్చి ఉండాలి. మిగిలిన రక్తం, డీఎన్‌ఏ పారబోసి, డేటా ఫైలులోంచి ఆ లైను తీసేసి, ఇప్పటికే డేటా తీసుకున్నవాళ్ళకి కోడ్ పంపి తీసేయమనండి. అచ్చయిపోయిన పేపర్‌లోంచి మాత్రం తీయలేమని కన్సెంట్ రోజే చెప్పి ఉండాలి. అన్నీ అయ్యాక టీములో ఒకరు ఆ ఇంటికి వెళ్ళి "తీసేశామమ్మా" అని చెప్పి రావాలి, వెళ్ళినప్పుడు బీపీ మిషను తీసుకెళ్ళండి, చూడమని అడుగుతారు.